సిదర్ ఆకు

పోశన్నది నిర్మల్ దగ్గర ఒక పల్లె. గల్ఫ్‌లో, ఉమ్ సలాల్‌లోని ఒక తోటలో పనికి కుదిరి పద్నాలుగేళ్లయింది. వచ్చిన కొత్తలో యజమాని తల్లి గేటు పక్కన సిదర్ మొక్క నాటించింది. సిదర్ మన రేగుకు దగ్గరి చుట్టం. ఎంత ఎండలోనూ పచ్చగానే ఉంటుంది, పెరిగితే ఇంటంత నీడ.

ముసలామెను అందరూ యమ్మా అనేవారు. అక్కడ తల్లిని పిలిచే మాట అదే, మన 'అమ్మా' లాగే ఉంది కాబట్టి పోశన్న కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదు.

మొదటి మొక్క చచ్చిపోయింది. ఎండలో ఉందని జాలిపడి పోశన్న పొద్దూమాపూ నీళ్లు పోస్తే వేరు కుళ్లింది. ఆమె తిట్టలేదు. రెండోది నాటిన రోజు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుంది. మొదలుకు మూరెడు దూరంగా పాదు తీయించి, వారానికి ఒక్కసారే నిండా పోయమంది.

"వేరు కిందికి పోయి వెతుక్కోవాలి," అని వచ్చీరాని హిందీలో చెప్పింది.

మేకలు కొరకకుండా పోశన్న కంచె కట్టాడు. నాలుగో ఏడు చెట్టు అతని తల దాటింది. ఇప్పుడు దాని కింద మూడు బండ్లు నిలుస్తాయి. సాయంత్రాలు యమ్మా కుర్చీ వేయించుకునేదీ అక్కడే.

మొన్న మే నెలలో ఒక పొద్దున, డ్రైవర్ ముజఫ్ఫర్ అలీ రెండు సంచులు పట్టుకొచ్చాడు. అతనిది కోరుట్ల.

"పోశన్నా, యమ్మా పోయింది. ఆకు కావాలె."

"ఆకెందుకు భాయ్?"

"నూరి నీళ్లల్ల కలిపి ఆఖరి స్నానం చేపిస్తరు. గీ చెట్టుదే కావాల్నని ముందే చెప్పి పెట్టిందట."

పోశన్న నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ముళ్లు దిగి మోచేతి దాకా నెత్తురు కారింది. నొప్పి తెలియలేదు. ఏడుపు వస్తుందేమోనని నిచ్చెన మీదే కాసేపు ఆగాడు. రాలేదు. రెండు సంచులూ నింపి ఇచ్చాడు.

మూడు రోజులు పరామర్శకు వచ్చినవాళ్లకు ఖర్జూరాలు అందించాడు. నాలుగో రోజు యజమాని వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు.

"మా అమ్మ ఇక్కడ కూర్చుని నీతో ఏం మాట్లాడేది?"

"నీళ్ల ముచ్చటే, సాబ్."

పోశన్న ఇంకేదైనా చెబుతాడేమోనని యజమాని చూశాడు. తర్వాత తల ఊపి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఊరినుంచి భార్య గంగామణి ఫోన్ చేసింది. గల్ఫ్‌లో ఏ ఊరైనా ఆమెకు దుబాయే.

"గొంతేంది గట్లున్నది?"

"దుమ్ము," అన్నాడు పోశన్న.

"దుబాయ్‌ల గూడ దుమ్మేనా? ఏం వండుకున్నవ్?"

"పప్పు," అని చెప్పి, ఆమె మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాడు.