చెవి మేస్త్రి బిగించిన యాక్సిల్

మా ఆవిడ అన్నగారిని ఊరంతా చెవి మేస్త్రి అంటారు. నేను బావా అంటాను. ఎదురుగా ఉన్నప్పుడు గౌరవంగానే అంటాను. వెనకాల అన్న మాటలు ఇక్కడ రాస్తే మా ఆవిడ ఊరుకోదు. కార్ల మెకానిక్కు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే రేకుల షెడ్డు, అదే గుంట, గోడ మేకుకి వేలాడే అదే పొడుగాటి స్క్రూడ్రైవరు. కారు వస్తే ఏమైందని అడగడు. ఇంజను స్టార్టు చేయించి, స్క్రూడ్రైవరు మొన ఇనుముకి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. "మూడో బేరింగు" అంటాడు. విప్పితే పోయింది మూడో బేరింగే అయి ఉంటుంది.

గేరు పళ్ళకి రంగు పూసి, తిప్పి, మచ్చ ఎక్కడ పడిందో చూసి బిగించేవాళ్ళంటే అతనికి చిన్నచూపు. "వాళ్ళు మెకానిక్కులు కాదు, పెయింటర్లు" అనేవాడు. తన పద్ధతి వేరు. బిగించడం అయ్యాక కారు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొస్తాడు. వచ్చి "అయిపోయింది" అన్నాడంటే అయిపోయినట్టే. నేను దర్జీని. నేను కుట్టిన కోటుకి పెళ్ళికి రానివాడు కూడా వంక పెడతాడు. అతని గేరుకి వంక పెట్టినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. ఆ కుళ్ళు నాకు ఎప్పుడూ ఉండేది, దాచుకోవడం దేనికి.

మా ఆవిడకి మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసి పద్నాలుగు నెలలైంది. మంగళ, గురు, శనివారాల్లో కొండకి అవతల ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ యంత్రం ఆమె రక్తాన్ని నాలుగు గంటలు కడుగుతుంది. ఆమె వంతు ఉదయం ఏడింటికి. కొండ మీద పదకొండు కిలోమీటర్లు ఎక్కుడు, అవతల అంతే దిగుడు. తొలి బస్సు అక్కడికి చేరేసరికి తొమ్మిదవుతుంది. టాక్సీ అతను ఒకసారి తీసుకెళ్ళాడు. దారిలో ఆమెకి సీటు మీదే వాంతయింది. ఆ తర్వాత అతని ఫోను మోగుతుంది గానీ ఎత్తడు. అందుకని మా పాత కారే మాకు దిక్కు. మా పెళ్ళినాటికే అది పాతది. వెనక సీటు మంచమంత ఉంటుంది, వచ్చేటప్పుడు ఆమె దాని మీద పడుకుని వస్తుంది.

ఆ గురువారం వస్తూ వస్తూ కొండ దిగాక, ఊరి మొదట్లో, వెనక ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. ఇంజను తిరుగుతోంది, కారు కదలదు. బావ వచ్చి షెడ్డుకి లాక్కుపోయి విప్పాడు. వెనక యాక్సిల్ మధ్యలో రెండు గేర్లుంటాయి. పెద్ద చక్రాన్ని క్రౌను అంటారు, దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియను అంటారు. మా క్రౌనుకి ఏడు పళ్ళు లేవు. ఆ ముక్కలు లోపల పడి యాక్సిల్ డొప్ప కూడా పగిలింది.

శనివారం బస్సులో వెళ్ళాం. చేరేసరికి తొమ్మిదింబావు. రెండు గంటలు కాకుండానే యంత్రం తీసేశారు. తర్వాతి వంతువాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు మరి. వాళ్ళనేం అనగలం, వాళ్ళదీ ప్రాణమే. ఆదివారానికి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటంలేదని గోడకి దిండ్లు పెట్టుకుని కూర్చుంది. ఫోను చేస్తే డాక్టరు "మంగళవారం మాత్రం పూర్తిగా జరగాలి" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు.

మా కారు తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్ళు. బావ శుక్రవారం నుంచి తిరగని పాత సామాన్ల యార్డు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక తుక్కు కుప్ప అడుగున అలాంటి కారుదే యాక్సిల్ దొరికింది. తుప్పు పట్టిన బోల్టులు కోసి, ఇద్దరం మోసుకొచ్చాం. సోమవారం పొద్దున మూత తీసి చూస్తే క్రౌను బంగారంలా ఉంది. పినియనుకి మాత్రం రెండు పళ్ళ అంచులు ఊడిపోయాయి. బావ చేతిలో స్పానరు కింద పెట్టి నేల మీద కూలబడ్డాడు. అతన్ని అలా చూడటం నాకు అదే మొదటిసారి.

"క్రౌనూ పినియనూ ఆలుమగలు బావా" అని నాకు వందసార్లు చెప్పినవాడతను. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తయారవుతాయట, రెండింటి మీదా ఒకే నంబరు కొడతారట. ఒక జంటలోది తెచ్చి ఇంకో జంటలో పెడితే కూత పెట్టి పెట్టి ఒకనాటికి పళ్ళు రాల్చుకుంటాయట.

"మన పినియను బానే ఉందిగా" అన్నాడు బావ లేస్తూ.

"నువ్వే చెప్పావు కదా బావా, అలా పెట్టకూడదని?"

"చెప్పాను. ఇంకో దారుంటే చెప్పు."

వాషర్ల డబ్బా ముందుకి లాక్కున్నాడు. "వాషర్లు మార్చి మార్చి పెడతా. పొందిక కుదిరిందో లేదో చెవి చెప్తుంది" అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నేను ఆ చెవిని పట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మా పాత యాక్సిల్ కిందికి దిగింది. జాకీల మీద కారు వెనక భాగం ఖాళీగా వేలాడుతుంటే చూడలేకపోయాను. కాగితమంత పల్చటి వాషర్లు ఒకటి తీసి ఒకటి పెట్టి, పినియను బిగించి, మూత వేసి, ఇద్దరం యాక్సిల్ని కారు కింది కమాను కట్టల మీదికి ఎత్తాం. నాలుగింటికి నూనె పోసి "పద బావా" అన్నాడు.

రోడ్డెక్కి వేగం అందుకున్నాడో లేదో, వెనక నుంచి కూత మొదలైంది. తలుపు సందులో కుక్కపిల్ల తోక నలిగితే ఎలా అరుస్తుందో అలా, ఆగకుండా. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఆగుతోంది, నొక్కితే మళ్ళీ అందుకుంటోంది. ఇక తిట్లు మొదలుపెడతాడని బావ వైపు చూశాను. అతని మొహం ప్రశాంతంగా ఉంది. రోడ్డు వదిలేసి నా మొహంలోకే చూస్తున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. షెడ్డులో ఫోను మోగుతున్నా ఎత్తకపోతే పొగరనుకున్నాను. మా ఆవిడ ఎప్పుడూ అతని కుడిపక్కనే కూర్చుని గొంతు పెంచి మాట్లాడితే ముద్దనుకున్నాను. చెవి మేస్త్రికి చెవి లేదు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా నా పని అద్దం ముందు. కోటు తొడుక్కున్నవాడు అద్దంలో నా మొహం చూస్తాడు. భుజం వంకరగా ఉన్నా నేను నవ్వుతాను. ఆ నవ్వు నేను పిలవకుండానే వస్తుంది. అప్పుడూ వచ్చింది. "చక్కగా కుదిరింది" అన్నాను. జాలి ఒకటి, భయం ఒకటి. కుదరలేదంటే రేపు కారు లేదు. అందుకని నవ్వాను.

"అయిపోయింది" అన్నాడు బావ.

మంగళవారం తెల్లవారుజామున బయల్దేరాం. కొత్తగా బిగించింది కదా, నేనూ వస్తానని బావ ముందు సీట్లో కూర్చున్నాడు. మా ఆవిడ వెనక దిండ్లకి ఆనుకుని ఉంది. ఆమె ఊపిరి ఈల వేస్తోంది. చదునులో కాలు ఆనీ ఆనకుండా నడిపాను. కొండ మొదలయ్యాక ఆ నాటకం సాగలేదు. కూత గొంతెత్తింది.

"ఆపండి" అంది మా ఆవిడ. ఆపాను. ఆమె ముందుకి వంగి అన్న కుడి చెవి దగ్గర నోరు పెట్టింది. "అన్నయ్యా, ఇది కూస్తోంది. నీకు వినపడటంలేదు. నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఈయనకి వినపడుతోంది, కానీ చెప్పరు."

బావ నా వైపు చూశాడు. నేను స్టీరింగు వైపు చూశాను. అతను దిగి కారు కిందికి దూరి యాక్సిల్ మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే లాక్కున్నాడు. ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. రోడ్డు మీద నరపురుగు లేదు. నాకు పిచ్చెక్కినట్టయింది. "చెప్తే మాత్రం ఏం చేసేవాడివి? ఇంకో యాక్సిల్ కనేవాడివా?" అని అరిచాను. అతను నన్ను పట్టించుకోలేదు. కిటికీలోంచి చెల్లెల్ని అడిగాడు.

"నొక్కితే కూస్తోందా, వదిలితే కూస్తోందా?"

"నొక్కినప్పుడే. వదిలితే గప్‌చిప్."

"అయితే పంటికి ఒకవైపే పొందిక లేదు. రెండోవైపు బానే ఉంది. రివర్సులో ఎక్కితే బరువు రెండోవైపు పడుతుంది. కారు తిప్పు బావా."

"పదకొండు కిలోమీటర్లా? వెనక్కా?"

"ముందుకెళ్తే మూడో మలుపులో పళ్ళు ఏరుకోవాలి. తిప్పు."

తిప్పాను. బావ వెనక్కి వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "ముందు గేరుబాక్సు మూలుగుతుంది, అది మామూలే. నీ వెనకది విను. కూస్తే నా చెయ్యి నొక్కు" అన్నాడు. వెనక అద్దంలోంచి దారి చూస్తూ నాకు కుడి, ఎడమ చెప్పాడు. అలా ఎక్కాం కొండ, ముడ్డి ముందు పెట్టుకుని. నా మెడ పట్టేసింది, చేతులు చెమటకి జారిపోతున్నాయి. ఎదురుగా దిగుతున్న లారీ అతను తల బయటపెట్టి "పొద్దున్నే చుక్క పడిందా?" అన్నాడు. ఇంకో రోజైతే నేనూ నవ్వేవాణ్ణి.

రెండుసార్లు ఆమె చెయ్యి నొక్కింది, రెండుసార్లూ బావ "తగ్గించు" అని అరిచాడు. ఒకసారి ఇంజను మరిగితే ఆపి నీళ్ళు పోశాం. ఏడో కిలోమీటరు దాటాక ఆమె కళ్ళు మూసుకుంది. తల పక్కకి వాలింది.

"చెల్లీ!" అని కేక పెట్టాడు బావ.

"వింటున్నా. మాట్లాడకు" అంది.

కొండ నెత్తిన కారు ముందుకి తిప్పి, కాలు తీసి దిగాను. ఏడుంబావుకి ఆసుపత్రి. నర్సమ్మ మంచం ఆపి ఉంచింది. "ఇంకో అయిదు నిమిషాలైతే వేరేవాళ్ళకి ఇచ్చేసేదాన్ని" అంది. నాలుగు గంటలూ ఇస్తారా అని అడిగాను. ఇస్తామంది. వరండాలో గోడకి మొహం తిప్పుకుని ఏడ్చాను.

బయట కారు పక్కన అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు. కుడిపక్కకి వెళ్ళి కూర్చున్నాను.

"రెండేళ్ళయింది బావా చెవి పోయి" అన్నాడు. "అప్పట్నుంచి పక్కన కూర్చున్నవాడి మొహం చూసి బిగిస్తున్నా. గేరు కూస్తే ఎవడికైనా కనుబొమ్మ ముడిపడుతుంది. అది చూసి మళ్ళీ విప్పేవాణ్ణి. ఒక్కసారీ తప్పు పోలేదు." నా వైపు తిరిగాడు. "నిన్న నీ మొహం నవ్వింది."

కోపంగా అనలేదు. కొట్టినా బాగుండేది. నా మంచితనంతో నా భార్యని కొండ అంచుకి తీసుకొచ్చాను. తిరుగు దారిలో ఆసుపత్రి వైపు ఎక్కుడు కూడా రివర్సులోనే ఎక్కాం. ఈసారి వినే పని నాది. కూసినప్పుడల్లా "కూస్తోంది" అని నోరు తెరిచి చెప్పాను.

బుధవారం పొద్దున బావ మళ్ళీ యాక్సిల్ దింపాడు. బట్టలకి పెట్టే నీలిమందు గ్రీజులో కలిపి, బ్రష్షుతో పంటి పంటికీ పూశాడు. పెయింటర్లని తిట్టినవాడే పెయింటరయ్యాడు. మచ్చ పంటి నడుమ పడాలి, అంచున పడింది. వాషరు మార్చాడు, మళ్ళీ పూశాడు. మచ్చ కొంచెం జరిగింది. బిగించి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అద్దం ముందు పెట్టే మొహం ఇంట్లో వదిలి రా" అన్నాడు.

కూత సన్నబడింది గానీ పోలేదు. "ఇంకా ఉంది బావా" అన్నాను. అతని పనికి నేను పెట్టిన మొదటి వంక అది. అతను కారు వెనక్కి తిప్పాడు. విప్పాడు, పూశాడు, బిగించాడు, రోడ్డెక్కాం. "ఇంకా ఉంది." మళ్ళీ విప్పాడు. నాలుగోసారికి అతని వేళ్ళు పగిలి నీలంలో ఎర్ర కలిసింది. అయినా చెప్పాను. "ఇంకా ఉంది."

సాయంత్రం అయిదైంది. తెల్లారితే గురువారం. ఇంట్లో ఆమె అప్పుడే దిండ్లకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆరోసారి రోడ్డెక్కాం. బావ కాలు నొక్కి, నా మొహంలోకి చూస్తున్నాడు. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను.