తులసమ్మ జరిగిన చోటు

మా అత్తగారు పోయారు. పోయిన గురువారం పొద్దున రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసు మెట్లెక్కుతుంటే మా ఆయన ఫోన్ చేసి "అమ్మ లేదు" అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆమె పూజల గురించి, మడి గురించి చెబుతున్నారు. అన్నీ నిజమే. నేను మాత్రం ఒక మురుగు గుంత గురించి చెప్పాలి. చావు జరిగిన ఇంట్లో ఇవేం మాటలు అనుకోకండి. ఆమె వింటే నవ్వేవారు.

అనంతపురం వైపు మనిషి. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఆమె మడి అంటే అల్లాటప్పా మడి కాదు. బాత్రూము మీదుగా వచ్చిన గాలి కూడా పూజగదిలోకి రాకూడదు. ప్రగతి నగర్‌లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, పెరట్లో ఈశాన్య మూలన తులసి కోట. అడిగినట్టే కట్టించాం. రోజూ అక్కడ దీపం పెట్టాకే ఆమె నోట్లో కాఫీ చుక్క పడేది.

మా వీధికి డ్రైనేజీ లైను ఇంకా రాలేదు. సెప్టిక్ ట్యాంకులో తేరిన నీళ్లు పక్కనున్న గుంతలోకి వెళ్లి భూమిలో ఇంకాలి. పోయినేడు వానాకాలంలో ఇంకడం మానేశాయి. బాత్రూములో పోసిన నీళ్లు బాత్రూములోకే తిరిగొచ్చేవి. పెరడంతా చిత్తడి, ముక్కు పగిలే కంపు. ట్యాంకరును పిలిచి ఖాళీ చేయిస్తే వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. చివరికి ఆ మురుగు ప్రహరీ కిందనుంచి పక్కింటి వాకిట్లోకి ఊరింది. వాళ్ల పాప అప్పుడప్పుడే పాకుతోంది. పాపను చంకనేసుకుని ఆ తల్లి మా గేటు దగ్గర నిలబడింది.

"అక్కా, పిల్ల కిందికి దిగుత అని ఒకటే ఏడుస్తది. దించాలంటే భయమైతుంది. జర ఏమన్న చెయ్యుండ్రి."

నాలుగు తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

మేస్త్రి వచ్చి చూశాడు. పాత గుంత చుట్టూ మట్టి జిడ్డుపట్టి మూసుకుపోయిందని, ఇక అది నీళ్లు తాగదని, వేరేచోట కొత్త గుంత తవ్వాల్సిందేనని తేల్చాడు. పెరడంతా గడ్డపార వేసి చూస్తే ఎక్కడ పొడిచినా ఠంగుమని బండే. చిన్న గుంటలు తీసి నీళ్లు పోస్తే సాయంత్రం దాకా అట్లాగే నిలబడ్డాయి. తులసి కోట పక్కన పోసినవి మాత్రం మేం చూస్తుండగానే గుటుక్కున దిగిపోయాయి. అక్కడ కింద మెత్తటి మొరం. బోరు కూడా దూరమే, ఇంటికి ముందువైపు ఉంది.

ఈశాన్యంలో, తులసమ్మను లేపి, మురుగు గుంత! ఆమెతో ఈ మాట అనేదెవరు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు? మా ఆయనా నేనూ వంటింట్లో గుసగుసలాడుకున్నాం. ఇల్లు అమ్మేసి మదీనాగూడలో ఫ్లాటు చూసుకుందామనేదాకా వెళ్లాడాయన. ఆమె ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీరు ఫ్లాటుకు పోతే ఆ పాప యాడ పాకాల?" అన్నారు. అంతే అన్నారు.

మర్నాడు తలస్నానం చేసి, కోట ముందు దీపం పెట్టి, తులసమ్మతో ఏదో మెల్లగా మాట్లాడారు. తరువాత వేళ్లు తెగకుండా మట్టిగడ్డతో సహా తన చేతులతోనే తీసి కుండీలోకి మార్చి, ఇంటి ముందు పెట్టుకున్నారు. సంగతి తెలిసి ఊరినుంచి ఆమె చెల్లెలు ఫోన్లో లబలబలాడింది, ఈశాన్యంలో మురుగేంది, వంశానికే అరిష్టమని. ఈమె అంతా విని ఒకటే చెప్పారు: "తులసమ్మ కుండీలో ఉన్నా తులసమ్మేలే. మురుగును కుండీలో పెట్టలేం గదా."

మేస్త్రి గడ్డపార ఎత్తగానే ఆగమన్నారు. చేతిలో పళ్లెం. పసుపు, కుంకుమ, టెంకాయ. అతను బిత్తరపోయి, "అమ్మా, ఇది బోరు కాదు. లెట్రిన్ గుంత" అన్నాడు.

"తెలుసులేప్పా. నీళ్లిచ్చే బోరుకైతే టెంకాయ కొడతాం. మన మైలంతా మింగే తల్లికి కొట్టొద్దా?"

అతను చెప్పులు విప్పేశాడు. నాకూ దండం పెట్టాలనిపించింది, ఆమెకో ఆ నేలకో తెలియలేదు. బాత్రూము గాలికే ముక్కు మూసుకునే మనిషిలో ఇంత చోటు ఎక్కడిదని ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

సిమెంటు వరలు దించి, చుట్టూ కంకర పోసి, కొత్త గుంత కట్టారు. పక్కింటి వాకిలి ఆరింది. ఆ పాప అక్కడే నడక నేర్చింది. అప్పటినుంచి మా ఇంట్లో నూనె మూకుడును కాగితంతో తుడవకుండా కడిగితే ఒప్పుకునేవారు కాదు. "మట్టికి జిడ్డు తాపితే గొంతు పూడుకపోతాది, మే" అని నా వెనకే తిరిగేవారు. బిర్యానీ తిన్నరోజు నాకు పోలీసు కాపలానే.

గురువారం మధ్యాహ్నం పెరట్లో బల్లమీద పడుకోబెట్టి ఆమెకు చివరి స్నానం చేయించాం. పసుపు కలిపిన నీళ్లు చెంబులతో పోశాం. పక్కింటమ్మాయి కూడా వచ్చి ఒక చెంబు పోసింది. ఆ నీళ్లు ఆమె పాదాలు దాటి, గచ్చుమీదుగా పారి, గుంతవైపు జాలీ దగ్గర పచ్చగా ఒక్క క్షణం నిలిచాయి. నేను ఊపిరి బిగబట్టాను. నేల మెల్లగా, ఒక్క చుక్క మిగల్చకుండా, అన్నీ తీసుకుంది.