పాలు బాగయ్యాయి, గేదె బాగవలేదు

మా పశువుల డాక్టరమ్మగారు పోయారు. గుండె ఆగిపోయిందని మా ఆయన పొలం నుంచి ఫోన్ చేసి చెప్పారు. గడ్డి వేస్తున్నదాన్ని పాకలోనే కూలబడ్డాను.

నిడదవోలు నుంచి స్కూటీ మీద వచ్చేవారు. దిగగానే మమ్మల్ని కాదు, గేదెని పలకరించేవారు. మొదటి ధార నల్ల ప్లాస్టిక్ మూతలోకి పిండి, విరుగులున్నాయేమోనని ఎండకి వంచి చూసేవారు. టీ పెడతానంటే, "సూది మందు కలిసిన పాలతో నాకొద్దు తల్లీ, నువ్వూ తాగకు" అని నవ్వేవారు.

మా గేదెకి పొదుగువాపు వచ్చింది. రెండు సూదులకే పాలు విరుగుల్లేకుండా తెల్లగా వచ్చాయి. సూదులు వేస్తున్నన్నాళ్ళూ పాలు పాలకేంద్రంలో పోయకూడదు, అదీ మా ఆయన తొందర.

"ఇంకెందుకండీ సూదులు? పాలు బాగయ్యాయిగా!" అన్నారు ఈయన.

"పాలు బాగయ్యాయండి, గేదె బాగవలేదు" అన్నారావిడ. ఈయన వింటేగా! మర్నాడు ఆవిడని రావద్దనేశారు.

వాపు తగ్గడం, మళ్ళీ రావడం. ఒక్కో చన్నే ఎండిపోయింది. చివరికి మళ్ళీ ఆవిడకే కబురు పెట్టాం. మీరు నమ్ముతారో లేదో, ఆవిడ ఒక్క మాటైనా దెప్పలేదు. పాలు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపించారు. రిపోర్టు వచ్చాక పాకలో కూర్చుని చెప్పారు:

"బాక్టీరియా పెరిగేటప్పుడు ఎక్కడో ఒకటి మందుకి లొంగకుండా తేడాగా పుడుతుందమ్మా. మందుకి మిగతావన్నీ చచ్చి అదొక్కటీ బతికితే, ఇక పొదుగంతా దాని సంతానమే. మొదట్లో వచ్చిందీ ఇదీ ఒకటే జాతి. కానీ జన్యువులు మారిపోయాయి. మీ గేదె ఒంట్లోనే మారింది."

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"నా దగ్గర మందు లేదమ్మా." అంత చదువుకున్న మనిషి నా ముందే కళ్ళు తుడుచుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "ఎవరికీ అమ్మకు. ఇది ఇంకో పాకలోకి వెళ్తే వాళ్ళ గతీ ఇంతే" అన్నారు.

ఆవిడ పోయిన మర్నాడే గేదెని కొనడానికి బేరగాడొచ్చాడు. మా ఆయన నన్ను నోరెత్తొద్దన్నట్టు చూశారు. మాకున్న ఆధారం ఆ గేదె ఒక్కటే. అయినా నోరు ఆగలేదు.

"పొదుగు చెడిపోయిందండీ. మీ గేదెలకీ అంటుకుంటుంది."

అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన అన్నం ముట్టలేదు. నిజం చెప్పానన్న తృప్తి నాకేం లేదు, ఏడుపు తప్ప. రేపేంటని అడుగుదామంటే ఆవిడా లేరు.

సాయంత్రం పాలవేళకి గేదె తనంతట తానే లేచి, రోజూ పితికే చోటికి వచ్చి నిలబడింది. నా వైపు తల తిప్పి చూస్తోంది. ఇక పితకడానికి పాలేవి? నేను చెంబు తీసుకురాలేదు.