ఏరినవాళ్ళదే మొదటి ముద్ద

మా పెద్దమ్మ వండే గంగపాయల కూర మీద మనసుపడి బయల్దేరాను, వేరే గొప్ప కారణమేం లేదు. వానలు పడితే ఉద్దానం కొబ్బరితోటల్లో ఈ కూర దానంతటదే మొలుస్తుంది. విశాఖలో పొద్దున్నే రైలెక్కితే పదింటికల్లా పలాస. అక్కణ్ణుంచి కాశీబుగ్గ బస్సు కాంప్లెక్సుకి ఆటోలో ఇరవై రూపాయలు, తరవాత పెద్దమ్మ ఊరు జలంత్రకోటకి బస్సు. "ఏటి బావూ, జీడిపప్పుకా?" అన్నాడు ఆటో అతను. గంగపాయలకన్నాను. "ఓర్నాయనో, కలుపుమొక్క కోసం వైజాగ్ నుంచొచ్చినావేటి!" అని పకపకా నవ్వాడు.

పెద్దమ్మ బుట్ట పట్టుకుని తోటలో ముందు నడిచింది. బాగా చిక్కిపోయింది, పాదాలు వాచాయి. అడిగితే "వయసురా" అని కొట్టిపారేసింది. నమ్మేశాను, బుద్ధి లేక. కాడ ఎర్రగా నున్నగా, ఆకు చిన్నగా దళసరిగా ఉంటే గంగపాయ. దాన్ని పోలిందే మరో మొక్క పక్కనే పరుచుకుని ఉంటుంది. "కాడ ఇరిసి సూడు. నీరొత్తే తిను, పాలొత్తే పారేయ్" అంది. గట్టు వారగా ఉన్నవి కోయబోతే చేతి మీద ఒక్కటేసింది. "అక్కడ గడ్డిమందు కొట్టినారు, కనబడ్డంలేదేటి?" నిజమే, చుట్టూ గడ్డి మాడిపోయి ఉంది.

పప్పులో వేసి వండింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది: బయట ఏరుకొచ్చిన కూర ఏదైనా ఏరినవాళ్ళే మొదటి ముద్ద తినాలి, ఆ తరవాతే మిగతావాళ్ళకి వడ్డన. పొరపాటున విషపుమొక్క కలిస్తే ఆ ముప్పు తెచ్చినవాళ్ళ మీదే పోవాలని. పెద్దమ్మ ముద్ద కలుపుతుంటే, బారువ నుంచి చేపలు కొనుక్కొచ్చిన మా వదిన, పెద్దమ్మ కోడలు, గుమ్మంలోంచే కేకేసింది.

"అత్తా! కిడ్నీలు పాడైనాయి, ఆకుకూరలు ముట్టొద్దని డాక్టరు సెప్పినాడు గదా!"

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. "ముందు నేను తింటాను పెద్దమ్మా" అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

"నానేరిన కూర నాను తినకండా నీకెట్టడమేటిరా?"

తినేసింది. కళ్ళు మూసుకుని నమిలి, ఇంకో ముద్ద కలుపుకుంది. ఎన్నాళ్ళయిందో పాపం తిని. వదిన కంచం లాగేసుకుంటే, పెద్దమ్మ ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది.

కూర అద్భుతంగా ఉంది, ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది. ఆ రుచిని ఎలాగో మరిచిపోయి బతుకుతున్న మనిషి దగ్గరికి పనిగట్టుకుని వెళ్ళి గుర్తుచేశాను. వెళ్ళకపోయినా బాగుండేది. మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త: ఏరిన కూర వండమని అడిగేముందు, ఇంట్లో ఎవరికైనా పథ్యం ఉందేమో కనుక్కోండి. వండేవాళ్ళని మాత్రం అడక్కండి, వాళ్ళు చెప్పరు.