మారీ అంటోంది

ఇద్వాల్ ప్రీస్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. డిసెంబరు వచ్చిందంటే చాలు, ఎప్పుడో చచ్చిన గుర్రం పుర్రెని పుట్టింటికొచ్చిన ఆడపడుచులా చూసుకుంటాడు. దాని పేరు మారీ. అటక మీంచి దింపి, పళ్ళు తోమి, కంటి గుంటల్లో ఆకుపచ్చ సీసాల అడుగులు బిగించి, రిబ్బన్లు కట్టి, మెడ కింద తెల్ల దుప్పటి తగిలించి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెడతాడు. మిగతా పదకొండు నెలలూ ఆ కుర్చీ అల్లుడు గెథిన్‌ది.

"మావయ్యా, అది నా కుర్చీ."

"మారీకి కిటికీ పక్కన బావుంటుందట."

"ఎవరితో చెప్పింది?"

"నాతోనే. నువ్వెప్పుడైనా దాంతో ప్రేమగా మాట్లాడావా, నీతో చెప్పడానికి?"

అదీ వరస. ఆయనకేం కావాలన్నా మారీయే అడుగుతుంది. రెండో గ్లాసు బీరు మారీ తాగమంది. పొయ్యిలోకి బొగ్గు గెథిన్‌ని తెమ్మంది. వ్యానులో ముందు సీటు మారీది, బెల్టు కూడా పెడతాడు. గెథిన్ వెనకాల ఫిడేలు పెట్టె పక్కన ముడుచుకోవాలి. "మీ నాన్నని ఎవరైనా డాక్టరుకి చూపించకూడదుటే?" అని పెళ్ళాం దగ్గర మొత్తుకుంటే నెరిస్, "చూపించాం. ఆయన మారీ పళ్ళు చూసి తెగ మెచ్చుకున్నాడు" అంది.

అన్నిటికన్నా ఘోరం, ఆ పుర్రెని కర్రకి గుచ్చి, దుప్పటి కింద దూరి, తాడు లాగుతూ దవడలు టకటకలాడించే పని గెథిన్ నెత్తిన పడింది. క్రిస్మస్ వారమంతా సాయంత్రాలు వేల్స్‌లోని ఆ లోయలో ఇంటింటికీ తిరగాలి. బయట మారీ తరఫున ఇద్వాల్ పద్యం అందుకుంటాడు. లోపలివాళ్ళు తలుపు తియ్యకుండా పద్యంతోనే దెప్పాలి. బదులు చెప్పలేనివాళ్ళు ఓడినట్టు. లోపలివాళ్ళు ఓడితే తలుపు తీసి, కూర్చోబెట్టి, పెనం మీద కాల్చిన కేకులు వేడివేడిగా పెట్టాలి. అందరూ రెండు మూడు పద్యాలకే చేతులెత్తేస్తారు, ఎందుకంటే చలి వాళ్ళకీ తెలుసు.

తెగ్వెన్ ఇల్లు తప్ప.

భర్త దిల్విన్ పోయాక ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. కొట్లో రొట్టె కావాలన్నా వేలు చూపిస్తుంది. అలాంటి మనిషికి తలుపు వెనక నిలబడేసరికి ఎక్కడలేని నోరూ వస్తుంది. ఊరందరితో మౌనవ్రతం పట్టి, కసంతా తమ మీదే తీర్చుకుంటోందని గెథిన్ గొణుక్కునేవాడు. ఇద్వాల్ సంగతి మరీ విడ్డూరం. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే మనిషి ఆ గుమ్మంలో నిలబడితే నీళ్ళు నములుతాడు.

"ఈసారీ అక్కడ గడ్డకట్టేలా నిలబెడితే నేను మానేస్తాను. ఒట్టు!" అన్నాడు ఫిడేలు హెఫిన్. "ఆ ఇల్లు వదిలేద్దాం."

"మారీ ఒప్పుకోదు."

ఫిడేలు లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఆ తలుపు దగ్గరికి వెళ్ళేవాళ్ళే లేరు. మావయ్యకి ఆ మాత్రం తెలీదా? గెథిన్‌కి ఒళ్ళు మండింది. ఈసారి తనే ఓ పద్యంతో ముగించేద్దామని నిశ్చయించుకున్నాడు.

వాన జల్లులో ఇద్వాల్ గొంతు సవరించుకున్నాడు.

"చలిగాలి వీస్తోంది, చెవులు రాలుతున్నాయి,
తలుపు తియ్యి తెగ్వెన్, కాళ్ళు వాలుతున్నాయి!"

లోపల్నుంచి తడుముకోకుండా వచ్చింది.

"రాలిన చెవులేరుకుని రాగం సరిచేసుకో,
వాలిన ఆ కాళ్ళతోటి వచ్చిన దారి చూసుకో!"

ఇలా సాగుతూనే ఉంది. గెథిన్ బూట్లలోకి నీళ్ళు దిగాయి. ఇద్వాల్ చేతికందిన గెలుపుని మళ్ళీ జారవిడిచి, "ఆ... ఊ..." అని తల గోక్కుంటుంటే ఇక పట్టలేక దుప్పటి కిందనుంచి అరిచాడు.

"తెలివి ఉంది, పద్యముంది, తిట్టే నోరూ ఉంది,
పెనం మీది కేకు చూడు, మాడి బొగ్గయింది!"

లోపల గబగబా అడుగుల చప్పుడు. పద్యం రాలేదు.

"గెలిచాం!" అన్నాడు హెఫిన్.

తలుపు తెరుచుకుంది. గుర్రం దవడల సందులోంచి గెథిన్ చూశాడు. కుర్చీ తలుపు పక్కనే వేసి ఉంది. దాని మీద కంబళి, పక్కన చల్లారకుండా ఉన్ని టోపీ తొడిగిన టీ కెటిలు, పళ్ళెంలో బంగారంలా కాలిన కేకుల దొంతర, వెనక పొయ్యి మీద ఇంకో వాయి. సాయంత్రమంతా అక్కడే కూర్చుని మాట్లాడటానికి చేసుకున్న ఏర్పాటది.

"మాడలేదు," అంది తెగ్వెన్ నెమ్మదిగా. ఆ తరవాత నోరు మూతపడింది. లోపలికి రమ్మని వేలు చూపించింది, కొట్లో రొట్టెకి చూపించినట్టే.

ఇద్వాల్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. మారీ ఏమంటోందో చెప్పలేదు. ఛీ, ఎంత పని చేశాను అనుకున్నాడు గెథిన్. ఇన్నేళ్ళూ మావయ్య మాట తోచక తల గోక్కున్నాడనుకోవడం మరీ బుద్ధితక్కువ. తాడు లాగి దవడలు గట్టిగా టకటకలాడించాడు.

"ఆగండాగండి. మారీ ఏదో అంటోంది."

"నువ్వు కూడానా!" అని నెత్తి కొట్టుకున్నాడు హెఫిన్.

"అబద్ధమాడి గెలిస్తే చెల్లదట. పిన్నీ, నువ్వు తలుపేసుకో. మళ్ళీ మొదట్నుంచీ."

తెగ్వెన్ గెథిన్‌ని చూడలేదు. మారీ కళ్ళలోకే చూసింది. తలుపు దడాలున మూసి గడియ పెట్టింది. కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"అల్లుడి బుర్ర కన్నా గుర్రం పుర్రె మేలు,
తెల్లారేదాకా అక్కడ నిలబడితే చాలు!"

హెఫిన్ ఉసూరుమంటూ ఫిడేలు మళ్ళీ భుజానికెత్తాడు. ఇద్వాల్ మారీ దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకుని దగ్గరికి జరిగాడు.

"అల్లుడూ, మారీ ఏమందో విన్నావా?"

"ఏమంది?"

"రేపు వ్యానులో ముందు సీటు నీకేనట."

"మరి తనో?"

"నీ ఒళ్ళో కూర్చుంటుందట."