దాలమ్మ ముఖం మీద గీత

బొమ్మలు వేస్తారు కదా అని ఈ కృపానిధి మేష్టారు పెద్ద పేరున్న చిత్రకారుడు అనుకునేరు, అదేం లేదండీ. అరసవల్లిలో ఆయన ఇల్లెక్కడని అడగండి. “బొమ్మల మేష్టరా? జిల్లేడుపూల దాలమ్మ కూసుంటాది సూడండి, ఆ సందులో మేడ మీద” అంటారు. అంటే పేరు దాలమ్మది, మేడ మీద గది ఆయనది.

అరవై ఒకటి దాటాయి ఆయనకి. విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివి, పెద్ద ఊళ్లలో నిలదొక్కుకోలేక వెనక్కొచ్చేశారు. ఇరవై ఆరేళ్లు ఆమదాలవలసలో పాసింజరెక్కి, గరివిడిలో ఒక ప్రైవేటు బడికి డ్రాయింగు మేష్టారుగా వెళ్లొచ్చారు. చివరి నాలుగేళ్లూ డ్రాయింగు పీరియడుని బడివాళ్లు లెక్కలకి ఇచ్చేశారు. ఈయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పిల్లలు అల్లరి చెయ్యకుండా చూసేవారు. ఆ కుర్చీలోనే అలిసిపోయాను అంటారు ఆయన.

పనంతా బడి అయ్యాకే. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా రాసి, మీద కాగితం వేసి అచ్చు తియ్యడం. అచ్చుయంత్రం ఎప్పుడూ లేదు. పాత గొడుగు ఊచలు సానబట్టి ఉలులు చేసుకున్నారు. కాగితం మీద స్టీలు గరిటె వెనకవైపుతో రుద్దుతారు. ఒక్క బొమ్మకి గంటన్నర రుద్దాలి. అలా ముప్పై ఏళ్లు రుద్దితే కుడి భుజం ఏమవుతుంది? ఇప్పుడు చొక్కా తొడుక్కోవాలన్నా భార్య లీలారాణి చెయ్యి వెయ్యాలి. ఆవిడ నర్సు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్రకళ్లతోనే ఆయన భుజానికి నూనె రాస్తుంది.

“మనుషులకి పట్టీలు కట్టీ కట్టీ ఇంటికొస్తే, ఇక్కడో పేషెంటు” అంటుంది.

పోయిన ఏడు ఆయన దాలమ్మ ముఖం చెక్కారు. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, ముక్కుకి రెండువైపులా బేసర్లు, నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చే అడ్డచుట్ట. మూడు నెలలు పట్టింది. ఇరవై అచ్చులు తీసి, కింద పెన్సిలుతో ఇరవైలో ఒకటి, ఇరవైలో రెండు అని అంకెలు వేసి సంతకం పెట్టారు. హైదరాబాదులో ఒక బొమ్మల దుకాణం ఫోటోలు చూసి ఇరవయ్యీ తీసుకుంటామంది. ఆయన జీవితంలో ఒక బొమ్మ అచ్చులన్నీ ఒకేసారి ఎవరూ తీసుకోలేదు. బొమ్మలు పంపేశారు. ఇంకొక్క పని మిగిలింది. ఇరవై అంటే ఇరవయ్యే, మళ్లీ ఎవరూ తియ్యకుండా ఆ చెక్క మీద అడ్డంగా ఒక గాటు పెట్టాలి. గాటు పడిన చెక్కతో ఇంకొక్క అచ్చు తీసి, రుజువుగా పంపాలి. ఈ పనివాళ్లందరికీ ఉన్న కట్టుబాటే అది. ఆయనా ఒప్పుకున్నారు.

గాటు పెట్టేముందు, మూడు నెలలు ముఖం ఇచ్చిన మనిషి కదా ఒకసారి చూపిద్దామని, అక్క వరసన తను అప్పా అనే దాలమ్మని పైకి పిలిచారు. అదే తప్పయింది.

దాలమ్మ చెక్కనీ, ఆయన చేతిలో ఉలినీ చూసింది. “ఇంకేటి సెక్కుతావు మేష్టరుబాబూ? నా మొకం మీద ముడతలకన్నా నీ గీతలే ఎక్కువున్నాయి.”

“ఒక్క గీతే అప్పా. ఈ సెవి కాడినుంచి ఆ దవడ దాకా.”

“ఎందుకూ?”

“దీంతోటి ఇంకెవులూ బొమ్మలు తియ్యకుండా.”

“తీస్తే తీసుకుంటారు. నానేటి అరిగిపోతానా?” అని నవ్వి, ఆయన నవ్వకపోయేసరికి ఆగిపోయింది. “నిజింగానేటి? ఓలమ్మ! బతికున్న మనిషి మొకం మీద కత్తెడతావా? పొద్దున లెగిసి సూర్యనారాయణుడికి పూలమ్ముకుంటన్నదాన్ని. నీ సేతులెలాగ వస్తాయి నాయినా?”

ఆయన ఉలి కింద పెట్టేశారు.

మెట్లు దిగుతూ ఆవిడే జాలిపడింది. “నాను పోయాక గీసుకో. అప్పుడు నాకు తెలీదు గదా. ఎంతలే, రెండేళ్లో మూడేళ్లో.”

హైదరాబాదు దుకాణం నుంచి సుహాసిని అనే అమ్మాయి ఫోను చేసింది. “సార్, ఆ లాస్ట్ ప్రింటు ఎప్పుడు పంపుతారు? డేట్ చెప్పండి, రాసుకుంటాను.”

ఏం డేటు చెబుతారు? “కొంచెం టైం పడతాదమ్మా” అన్నారు.

లీలారాణి పక్కనుంచి అందుకుంది. “బాగున్నాది. ముసిల్ది ఎప్పుడు పోతాదా అని ఇక్కడ మనం, అక్కడ ఆళ్లు కాసుకుని కూసోవాల. అది మనిద్దర్నీ సాగనంపేసే పోతాది, సూడండి.” ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. “సన్నటి కాగితప్పట్టీ అడ్డంగా అంటించి అచ్చు తియ్యండి. తెల్లగీత పడతాది. సెక్కా బాగుంటాది, దాలమ్మా బాగుంటాది. ఎవులికి తెలుస్తాది?”

మాట తప్పడం ఆయనకి ఇష్టం లేదు. అయినా మూడోసారి ఫోను వచ్చాక తలుపేసుకుని పట్టీ అంటించారు. భుజం పట్టేస్తున్నా గంటన్నర రుద్ది కాగితం ఎత్తారు. గీత పడింది. నిజం గాటుకీ దానికీ తేడా లేదు. దాలమ్మ ముఖం చెవి నుంచి దవడ దాకా తెగి ఉంది. కిందనుంచి “జిల్లేడుపూలు, జిల్లేడుపూలూ” అని ఆవిడ గొంతు వినిపిస్తోంది. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేశారు. ఫోను చేసి, గాటు పెట్టలేనమ్మా అని చెప్పేశారు.

ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రెండు వారాలకి ఇరవై బొమ్మలూ ఒక పొడుగాటి అట్టగొట్టంలో వెనక్కి వచ్చేశాయి. ఆర్టీసీ కాంప్లెక్సులో కార్గో కౌంటరుకి వచ్చాయి, తెచ్చుకోవాలి.

వెళ్దామని బయల్దేరారు కూడా. కానీ ఆ సందులోకి రావాలన్నా పోవాలన్నా ఒకటే మొగ. ఆ మొగలో దాలమ్మ.

“ఎక్కడికి మేష్టరుబాబూ ఎండలోన? అయిదరాబాదోలు నా మొకం గోడకి తగిలించేరా?”

“తగిలించేరప్పా.”

“గీత ఎయ్యకండా?”

“ఎయ్యకండానే.”

“సూసేవా మరి! నాను సెప్పలేదేటి?” అని పక్కన కొబ్బరికాయల జగ్గమ్మని పిలిచి మరీ చెప్పింది. “ఒలే జగ్గమ్మా, నా మొకం అయిదరాబాదులోన ఉన్నాదే. మొకం కడుక్కుని మాటాడు నాతోటి.”

ఇంకేం వెళ్తారు? అంత పొడుగు గొట్టం చంకన పెట్టుకుని మళ్లీ ఆవిడ ముందునుంచే రావాలి. ఆవిడ అడగకుండా ఊరుకోదు. చెప్తే, తనవల్లే బేరం పోయిందని ఆ పూలబుట్ట దగ్గర కూర్చుని ఏడుస్తుంది. మలుపు దాకా నడిచి, ఒక టీ తాగి వెనక్కి వచ్చేశారు.

అప్పటినుంచి కార్గో కౌంటరులో పనిచేసే ధర్మేంద్ర ఫోను చేస్తూనే ఉన్నాడు. “మేష్టారూ, మీ గొట్టం అడ్డంగా ఉన్నాదండీ. బస్తాలు పెట్టుకోడానికి అవ్వటం నేదు. ఎప్పుడొస్తారు?”

“రేపొస్తాను బాబూ” అంటారు ఆయన.

నిన్నా అదే మాట అన్నారు.