పొట్టికాళ్ళ కుక్కకు పడక వైద్యం

ఆ రోజుల్లో మా పల్నాడులో కుక్కకు వైద్యమంటే నవ్వేవాళ్ళు. పశువుల ఆసుపత్రి ఉన్నది ఎడ్లకూ గేదెలకూను. కుక్కకు జబ్బు చేస్తే పోతుంది, లేదంటే దానంతటదే లేస్తుంది. గురజాల దగ్గర అట్లాంటి ఆసుపత్రిలో కొత్తగా కంపౌండరుగా చేరిన నేను అందరికంటే ఎక్కువ నవ్వేవాణ్ణి. (తెల్లకోటు తొడిగి నెల తిరక్కుండానే నాకు తెలియని సంగతి లేదని నా నమ్మకం.)

ఒక పొద్దున పిడుగురాళ్ల నుంచి సున్నపు బట్టీల ఆసామి జీపులో దిగాడు. అందరూ ఆయన్ని సున్నం మామ అనేవాళ్ళు. చేతుల్లో మద్రాసులో ఏ దొర దగ్గరో కొన్న కుక్క. ఒళ్ళు బెంచీ అంత పొడుగు, కాళ్ళు జానెడు. ఎవరికీ లేని కుక్క తనకుందని చూపించుకోవడానికి దాన్ని రోజంతా జీపు ఎక్కించి, దూకించి, చివరికి నడుం పడగొట్టాడు. వెనక కాళ్ళు రెండూ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. సాయంత్రం చుట్టాలొస్తున్నారట, ఆలోపల ఒక సూదిమందు పొడిచి లేపాలట.

డాక్టరుగారు దాని వీపు నిమిరి, వేళ్ళు నొక్కి చూశాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ జరిగి నరాన్ని నొక్కుతోందనీ, దీనికి సూది లేదనీ, కదలనీయకుండా పెట్టెలో పడుకోబెట్టాలనీ, అయినా లేస్తుందని మాటివ్వలేననీ చెప్పాడు.

"పడుకోబెట్టేదానికి నువ్వెందుకయ్యా? మా పాలేరు చాలడూ?" అన్నాడు మామ. వీపున వాతలు పెట్టిస్తాననీ, అదీ కుదరకపోతే ఇంట్లో తుపాకీ ఉందనీ అంటూ బయల్దేరబోయాడు. జీపులోంచి ఆయన భార్య దిగింది. కుక్కని లాక్కుని డాక్టరుగారి బల్ల మీద పెట్టింది.

"లేచిందాకా ఇక్కడే ఉంటది. వాతలు పెట్టాలంటే నాకు పెట్టు," అంది. మామ వెళ్ళి జీపెక్కాడు.

ఆ కుక్క నా నెత్తిన పడింది. చెక్కపెట్టెలో గడ్డి పరిచి పడుకోబెట్టడం, పూటపూటా పక్క మార్చడం, అన్నిటికంటే ఘోరం, పొట్టకింద తువ్వాలు వేసి వెనక భాగాన్ని పైకెత్తి, అది మూత్రం పోసేదాకా వీధి పక్కన నిలబడటం. కుక్కకి నడక నేర్పుతున్నావా అని దారినపోయే ప్రతివాడూ అడిగేవాడు. పిల్లనిద్దామని నన్ను చూసుకోడానికి రెంటచింతల నుంచి వచ్చిన పెద్దమనిషి కూడా సరిగ్గా ఆ భంగిమలోనే చూశాడు. మంచినీళ్ళైనా తాగకుండా వచ్చిన బస్సుకే తిరిగిపోయాడు. (పిల్లనిచ్చే ముందు వరుడి చేతిలో ఏముందో చూస్తారు మరి.)

ఆ కుక్కని తిట్టని పూట లేదు. ఒకనాడు తిడుతుంటే తోక కదిలింది. భ్రమేమోనని మళ్ళీ తిట్టాను. మళ్ళీ కదిలింది. డాక్టరుగారి ఇంటికి చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. తర్వాత వారాల్లో వణుకుతూ నిలబడింది, తాగినోడిలా ఒరుగుతూ నాలుగడుగులు వేసింది.

మామ వచ్చి చూసి, అంతా తన మొక్కు ఫలమన్నాడు. డాక్టరుగారు నవ్వేశాడు గానీ నాకు ఒళ్ళు మండింది. ఇంతలో జీపు కనపడగానే కుక్క ఎగరబోయింది. మామ చప్పట్లు కొట్టి మరీ పిలుస్తున్నాడు.

"దూకనీయమాక. ఎత్తుకో," అని అరిచాను.

ఆ చుట్టుపక్కల ఆయన్ని నువ్వు అనే మగాడు లేడు. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, వంగి, కుక్కని రెండు చేతులా ఎత్తుకుని, జీపెక్కి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఉద్యోగమంతా పైవాళ్ళకు చిత్తం చిత్తం అంటూనే గడిపాను. ఆ అరిచిన కుర్రాడు ఇప్పుడు నాకెవరో దూరపు చుట్టంలా అనిపిస్తాడు. ఎక్కడన్నా ఎదురైతే నాలుగు మాటలు మాట్లాడుదును కదా అనుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.